పిండి షాపు డాబా మీద సోలార్: ఆరేళ్ల తర్వాత

మల్కాజిగిరిలో మాది ఇడ్లీ, దోశ పిండి అమ్మే చిన్న షాపు. కింద గ్రైండర్లు, రెండు డీప్ ఫ్రీజర్లు, పైన ఇల్లు. 2019 ఫిబ్రవరిలో డాబా మీద 5 కిలోవాట్ల సోలార్ పెట్టించాం. 335 వాట్ల ప్యానెళ్లు 15, ప్యానెళ్ల కరెంటును ఇంట్లో వాడేలా మార్చే ఇన్వర్టర్ ఒకటి, మనం లైన్‌లోకి పంపిన కరెంటు, తీసుకున్న కరెంటు రెండూ లెక్క కట్టే నెట్ మీటర్. 2 లక్షల 80 వేలు అయింది. షాపు కనెక్షన్ కాబట్టి సబ్సిడీ లేదు. 2024లో మొదలైన కేంద్ర పథకం పీఎం సూర్య ఘర్‌లో గరిష్ఠంగా ఇచ్చే 78 వేలు కూడా ఇళ్లకే. పన్ను లెక్కల్లో ఏటా 40 శాతం తరుగుదల చూపించుకోవచ్చని మా ఆడిటర్ చెప్పాడు, అది మాత్రం కలిసొచ్చింది.

అంతకుముందు నెలకు 900 యూనిట్ల దాకా కాల్చేవాళ్లం. బిల్లు తొమ్మిది వేలకు తగ్గేది కాదు. ఇప్పుడు మూడున్నర వేల దగ్గర ఆగుతోంది. నాలుగేళ్లు దాటేసరికి పెట్టిన డబ్బు వచ్చేసింది.

మే నెల ఎండకి మీటరు గిర్రున తిరుగుతుందనుకున్నా. తిరగలేదు! ప్యానెల్‌కి కావాల్సింది వెలుతురు, వేడి కాదు. కాలే కొద్దీ కరెంటు తగ్గుతుంది. మాకు మంచి నెల మార్చి. జులై, ఆగస్టు మబ్బుల్లో రోజుకు పది యూనిట్లు వస్తే గొప్ప.

అసలు పని కడగడం. పక్క వీధిలో ఇళ్లు కడుతున్నారు, సిమెంటు దుమ్ము. పైగా పావురాలు. రెట్ట ఎండిపోతే ఆ చోట ప్యానెల్ వేడెక్కి పాడవుతుందట. మొదట్లో బోరు నీళ్లతో కడిగితే తెల్లటి చారలు పట్టేశాయి, గీకితే అద్దం మీద గీతలు. ఇప్పుడు పదిహేను రోజులకోసారి తెల్లవారుజామున నల్లా నీళ్లు, మెత్తటి తుడుపు కర్ర. కడిగిన నీళ్లు పైపులో ఇంకుడు గుంతకు పోతాయి. సంక్రాంతికి ప్యానెళ్ల మధ్య చిక్కుకున్న మాంజా తీయడం అదనం.

2022లో పక్కాయన ఇంకో అంతస్తు లేపాడు. మధ్యాహ్నం మూడు దాటితే రెండు ప్యానెళ్ల మీద నీడ. రెండే కదా అనుకున్నా. అన్నీ ఒకే వైరు వరుసలో కలిపి ఉండటంతో మొత్తం వరుసలోనే కరెంటు తగ్గింది. ఆ రెంటినీ నీళ్ల ట్యాంకు పక్కకు మార్పించడానికి పద్దెనిమిది వేలు. బిగించిన కంపెనీ వాళ్లు రెండో ఏడాదికే ఫోన్ ఎత్తడం మానేశారు. చివరికి ఉప్పల్ నుంచి ఒక ఎలక్ట్రీషియన్ అన్న వచ్చి చేశాడు. కొనే ముందు ప్యానెల్ బ్రాండ్ కంటే, ఆ కంపెనీ నాలుగేళ్ల కింద బిగించిన ఇంటికి వెళ్లి అడగండి.

అందరూ అడిగేది: కరెంటు పోతే? సోలార్ కూడా ఆగిపోతుంది. స్తంభమెక్కిన లైన్‌మన్‌కి మన కరెంటు షాక్ కొట్టకుండా అలా పెట్టారు. నడి ఎండలో ఫ్రీజర్ ఆగిపోయి, పైన ప్యానెళ్లు మెరుస్తుంటే ఎంత మండుతుందో! ఫ్రీజర్ల కోసం విడిగా బ్యాటరీ పెట్టుకోక తప్పలేదు.

ప్యానెళ్లకు 25 ఏళ్ల గ్యారంటీ ఉంది గానీ ఇన్వర్టర్‌ది ఐదేళ్లే, అయిపోయింది. ఈ మధ్య దాని ఫ్యాన్ గరగరమంటోంది. పోతే ఈసారి బ్యాటరీ కలిసే హైబ్రిడ్‌దే తీసుకుంటా.