పనోరమాకు ట్రైపాడ్ మీద ఏ హెడ్ మేలు?

పనోరమా అంటే కెమెరాను తిప్పుతూ తీసిన ఫ్రేములను కలిపి చేసే వెడల్పు చిత్రం. దానికి ఉన్న బాల్ హెడ్‌తోనే (కెమెరాను ఎటైనా వంచే గుండ్రటి కీలు) సరిపెట్టుకోవచ్చు, దాని మీద పానింగ్ క్లాంప్ (కెమెరాను పట్టుకుని తిరిగే బిగింపు) బిగించుకోవచ్చు, లేదా నోడల్ రైలున్న (కెమెరాను ముందుకూ వెనక్కూ జరిపే పట్టీ) పనోరమిక్ హెడ్ కొనుక్కోవచ్చు. ఏది కావాలన్నది ఫ్రేములో అన్నిటికన్నా దగ్గరగా ఏముందో దాన్నిబట్టి ఉంటుంది.

మామూలు బాల్ హెడ్‌లో తిరిగే పళ్ళెం బాల్ కింద ఉంటుంది. చిక్కంతా అక్కడే. బాల్‌తో కెమెరాను ఎంత లెవెల్ చేసినా, కాళ్ళు వంకరగా ఉంటే తిప్పేకొద్దీ హొరైజన్ ఒక పక్కకు దిగిపోతుంది. కలిపాక పైనా కిందా బోలెడంత కత్తిరించాలి. నిలువు ఫ్రేము కోసం బాల్‌ను పక్క గాడిలోకి వాల్చితే బరువు ఒక వైపు పడి కెమెరా మెల్లగా జారుతుంది కూడా.

పానింగ్ క్లాంప్ బాల్ పైన కూర్చుంటుంది. బాల్ వదులు చేసి, క్లాంప్ మీద లెవెల్ చూపే బబుల్‌ను మధ్యకు తెచ్చి బిగిస్తే చాలు, కాళ్ళు ఎలా ఉన్నా ఫరవాలేదు. దీనికి ఆర్కా స్విస్ తరహా (క్లాంపులోకి జారి బిగిసే) ఎల్ బ్రాకెట్, అంటే కెమెరాకు తగిలించే ఎల్ ఆకారపు పలక, తోడైతే కెమెరా నిలువుగా, ఇరుసుకు సూటిగా పైనే నిలబడుతుంది. ఒక్క లోటు: కెమెరా ముఖాన్ని పైకి వంచలేం, వంచితే తిరిగే క్లాంపూ వంగిపోతుంది. వంచాలంటే బాల్ హెడ్ కింద లెవెలింగ్ బేస్ (కాళ్ళు కదపకుండా పైభాగాన్ని సమం చేసే పీఠం) పెట్టి, బాల్ కింది పళ్ళెంతో తిప్పాలి, అది ఇంకాస్త బరువు.

కొండలు, నగరాల దృశ్యాలకు ఇంతకు మించి అక్కర్లేదని గట్టిగా చెప్పొచ్చు. లెక్క చూడండి. లెన్సులో కాంతి ప్రవేశించే బిందువు ఇరుసుకు 8 సెం.మీ. ముందుంటే, 30 డిగ్రీలు తిప్పినప్పుడు అది సుమారు 4 సెం.మీ. జరుగుతుంది. 24 ఎంఎం లెన్సు, 24 మెగాపిక్సెల్ ఫుల్ ఫ్రేమ్ కెమెరాతో 100 మీటర్ల దూరంలోని చెట్టు నేపథ్యం నుంచి ఒకటి రెండు పిక్సెళ్ళే తప్పుతుంది. మీటరు దూరంలోని రెయిలింగ్ మాత్రం 160 పిక్సెళ్ళ దాకా తప్పుతుంది. ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని శుభ్రంగా అతకలేదు.

గదులు, రెయిలింగులు, ముందు రాళ్ళు ఉన్న చోట నోడల్ రైలు తప్పదు. దగ్గరి కడ్డీ ఒకటి, దూరపు స్తంభం ఒకటి ఒకే వరసలోకి తెచ్చి కెమెరాను అటూ ఇటూ తిప్పండి. కుడికి తిప్పినప్పుడు కడ్డీ స్తంభానికి ఎడమకు జరిగితే కెమెరా ముందుకు ఎక్కువైంది, వెనక్కి లాగండి. కుడికి జరిగితే ముందుకు తోయండి. కదలిక ఆగిన చోట రైలు మీది అంకె రాసుకోండి. జూమ్ లెన్సుకు ప్రతి ఫోకల్ లెంత్‌కూ వేరే అంకె వస్తుంది.

క్లిక్ స్టాపులున్న రొటేటర్ (నిర్ణీత కోణాల దగ్గర టక్కున ఆగే తిరిగే పళ్ళెం) తీసుకునేటప్పుడు కోణాలు చూసుకోవాలి. ఫుల్ ఫ్రేమ్‌లో 24 ఎంఎం నిలువుగా పెడితే అడ్డంగా 53 డిగ్రీలు పడుతుంది. 36 డిగ్రీల స్టాపుతో 10 ఫ్రేముల్లో చుట్టు పూర్తవుతుంది, మూడో వంతు ఓవర్‌ల్యాప్ మిగులుతుంది. 45 డిగ్రీలైతే 8 డిగ్రీలే మిగిలి అతుకులు సరిగ్గా కుదరకపోవచ్చు.

నిలువు చెయ్యి కూడా ఉన్న మల్టీ రో హెడ్ (ఒకదాని పైన ఒకటిగా పలు వరసల ఫ్రేములు తీసేది) ముఖ్యంగా 360 డిగ్రీల గోళాకార చిత్రాలకు, ఎత్తైన పైకప్పులకు. బరువైన టెలీ లెన్సు పెడితే ఆ చెయ్యి వంగి వణకవచ్చు కాబట్టి ఒక వరస చిత్రాలకు దాన్ని మోసుకెళ్ళడం దండగ.