చచ్చిపోతున్న న్యూరాన్ల లెట్-7బి కొలవడానికి మిర్నీజీ సీరం/ప్లాస్మా కిట్: ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ రాదు

న్యూరాన్ (నాడీకణం) చచ్చిపోతూ వదిలే లెట్-7బి లాంటి చిన్న ఆర్‌ఎన్‌ఏని (మైక్రోఆర్‌ఎన్‌ఏని) చెత్తగా చూడకూడదు. లెట్-7బిలోని జీయూయూజీయూజీయూ వరస టీఎల్‌ఆర్7 అనే రోగనిరోధక గ్రాహకానికి తగిలితే మైక్రోగ్లియా (మెదడులోని రోగనిరోధక కణాలు) టీఎన్‌ఎఫ్-ఆల్ఫా అనే వాపు ప్రోటీన్ వదులుతుంది. న్యూరాన్లలోనూ టీఎల్‌ఆర్7 ఉంది కాబట్టి పక్కవి కూడా చస్తాయి. 2012లో బెర్లిన్ షారిటే బృందం దీన్ని చూపించింది. టీఎల్‌ఆర్7 లేని ఎలుకలకు ఆ నష్టం జరగలేదు. ఈ పనికి మీడియం (కణాలు పెంచే ద్రవం) లేదా సీఎస్‌ఎఫ్ (మెదడు, వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవం) నుంచి ఆర్‌ఎన్‌ఏ తీయాలంటే కయాజెన్ వారి ఈ మిర్నీజీ కిట్ కొనదగ్గదే.

అసలు జాగ్రత్త కిట్ తెరవకముందే మొదలవుతుంది. ఎఫ్‌బీఎస్ (ఆవు పిండం సీరం) ఉన్న మీడియం వద్దు. ఆవు లెట్-7బి, ఎలుక లెట్-7బి అక్షరం తేడా లేకుండా ఒకటే, ఏ ప్రైమరూ (పీసీఆర్‌లో ఒక వరసను పట్టుకునే చిన్న డీఎన్‌ఏ ముక్క) వాటిని విడదీయలేదు. న్యూరోబేసల్ మీడియం, దానికి బీ27 సప్లిమెంట్ వాడండి. మీడియంని సెంట్రిఫ్యూజ్‌లో 300 జి (గురుత్వానికి 300 రెట్లు) దగ్గర 10 నిమిషాలు, పైద్రవాన్ని మళ్లీ 2,000 జిలో 10 నిమిషాలు తిప్పండి. కణాలు కొన్ని మిగిలినా చాలు, వాటి లోపలి లెట్-7 మొత్తం లెక్కను తారుమారు చేస్తుంది.

200 మైక్రోలీటర్ల శాంపిల్‌కి 1 మిల్లీలీటరు కయాజోల్ (కిట్‌లోని ఫినాల్, గ్వానిడిన్ ద్రావణం) వేసి 5 నిమిషాలు ఆగాలి. సెల్-మిర్-39 స్పైక్-ఇన్ (రికవరీ లెక్కకు తెలిసిన మోతాదులో కలిపే ఆర్‌ఎన్‌ఏ) 3.5 మైక్రోలీటర్లు (మైక్రోలీటరుకు 16 కోట్ల కాపీలు) ఆ తర్వాతే వేయాలి. ముందే వేస్తే ఆర్‌నేజ్ (ఆర్‌ఎన్‌ఏని కోసే ఎంజైమ్) తినేస్తుంది, రికవరీ లెక్క తప్పుతుంది. 200 మైక్రోలీటర్ల క్లోరోఫామ్ వేసి 15 సెకన్లు గట్టిగా ఊపి, 2-3 నిమిషాలు ఉంచి, 4 డిగ్రీల దగ్గర 12,000 జిలో 15 నిమిషాలు తిప్పండి. పైపొర 600 మైక్రోలీటర్ల వరకే తీయండి. మధ్యలో తెల్లటి పొర కనిపిస్తుంది, పిపెట్ కొన దాన్ని తాకిందంటే ఫినాల్ వెంట వచ్చేసి పీసీఆర్‌ని ఆపేస్తుంది. పైపొరకు ఒకటిన్నర రెట్లు, అంటే 900 మైక్రోలీటర్లు, శుద్ధ ఇథనాల్ కలిపి కాలమ్‌లో పోయాలి. చివరి 80 శాతం ఇథనాల్ కడుగు తర్వాత మూత తీసి పూర్తి వేగంతో 5 నిమిషాలు ఆరబెట్టడం మానొద్దు. 14 మైక్రోలీటర్ల నీళ్లతో దించితే చేతికొచ్చేది 12.

ఇంత తక్కువ ఆర్‌ఎన్‌ఏకి నానోడ్రాప్ (కాంతితో ఆర్‌ఎన్‌ఏని కొలిచే యంత్రం) అంకె నమ్మొద్దు, స్పైక్-ఇన్ సీటీ (పీసీఆర్‌లో ఎన్నో చక్రానికి సంకేతం వచ్చిందనే అంకె) చూడండి. లెట్-7సికి, లెట్-7బికి ఒక్క అక్షరమే తేడా. సింథటిక్ లెట్-7సి మీద మీ లెట్-7బి ప్రైమర్లు ఎంత సంకేతం ఇస్తున్నాయో ముందే పరీక్షించాలి.

క్లోరోఫామ్, ఇథనాల్ మీరే తెచ్చుకోవాలి, స్పైక్-ఇన్ వేరుగా కొనాలి. ఫినాల్ వద్దనుకుంటే వీళ్లదే అడ్వాన్స్‌డ్ కిట్ ఉంది. కయాజోల్ వ్యర్థంలో బ్లీచ్ పోస్తే విషవాయువు పుడుతుంది, పోయొద్దు.

ఈ కాలమ్ నుంచి దించిన ఆర్‌ఎన్‌ఏని మాత్రం మైక్రోగ్లియా మీద పోయకండి. గ్వానిడిన్ మిగిలితే కణాలు చస్తాయి, ఎల్‌పీఎస్ (బ్యాక్టీరియా గోడలోని పదార్థం) కలిస్తే టీఎల్‌ఆర్4 అనే వేరే గ్రాహకం వల్లే టీఎన్‌ఎఫ్ వచ్చేస్తుంది. దానికి హెచ్‌పీఎల్‌సీ శుద్ధి చేసిన సింథటిక్ లెట్-7బి, పక్కన ఆ వరస మార్చిన కంట్రోల్ వాడాలి. టీఎల్‌ఆర్7 లేని మైక్రోగ్లియా కూడా టీఎన్‌ఎఫ్ వదిలితే శాంపిల్‌లో ఎల్‌పీఎస్ ఉందేమో ముందు చూడండి.