పాత అంబాసిడర్‌కి "రియర్ మెయిన్ సీల్ కొత్తది వేశాం" అంటే నమ్మకండి

పాత మార్క్ 2 అంబాసిడర్ కొనాలని చూస్తున్నవాళ్లు ఇది చదివాకే అడ్వాన్స్ ఇవ్వండి. నేను రెండుసార్లు మోసపోయాను. మొదటిసారి కారు అమ్మినాయన చేతిలో, రెండోసారి రిపేరు చేసిన గ్యారేజీలో. ఇద్దరూ చెప్పింది ఒకటే మాట: "వెనక మెయిన్ సీల్ కొత్తది వేశాం సార్, ఇక ఆయిల్ కారదు."

ఆ ఇంజన్‌కి వెనక మెయిన్ సీల్ అనేదే ఉండదు.

నాది 1972 మోడల్, 1489 సీసీ పెట్రోల్. బ్రిటన్‌లో బీఎంసీ కంపెనీ చేసిన బి సిరీస్ ఇంజన్, పిస్టన్లు తిప్పే ఇరుసుని (క్రాంక్ షాఫ్ట్) మోసే మెయిన్ బేరింగులు మూడు ఉన్నది. అక్కడ మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌కీ, ఎంజీఏ స్పోర్ట్స్ కారుకీ కూడా ఇదే వేశారు. క్రాంక్ షాఫ్ట్ వెనక, క్లచ్ ఆనుకునే ఫ్లైవీల్ చక్రం బిగించే చోట ఇప్పటి కార్లకి రబ్బరు ఆయిల్ సీల్ ఉంటుంది. దీనికి అక్కడ షాఫ్ట్ మీదే స్క్రూకి ఉండే మరలాంటి ఒక గాడి చెక్కి ఉంటుంది. షాఫ్ట్ తిరుగుతున్నంతసేపూ బయటికి రాబోయే ఆయిల్‌ని ఆ మర లోపలికి తోస్తుంది. తోసిన ఆయిల్ వెనక బేరింగ్ క్యాప్‌లో ఉన్న దారిగుండా ఇంజన్ కింద ఆయిల్ నిలవుండే ఛాంబర్‌లోకి దిగిపోతుంది. ఇంజన్ ఆపాక తోసేది ఏదీ ఉండదు కాబట్టి రెండు మూడు చుక్కలు బయటికి రావడం మామూలే. 1964లో ఎంజీబీ అనే స్పోర్ట్స్ కారుకి ఐదు బేరింగుల ఇంజన్ వచ్చాక గానీ ఈ ఇంజన్ల కుటుంబంలో వెనక రబ్బరు సీల్ కనిపించదు.

ఇదంతా కొనేటప్పుడు నాకు తెలియదు. కారు కింద నేల పొడిగా ఉంది. అంత పాత ఇంజన్ కింద ఒక్క చుక్క కూడా లేదని సంతోషపడ్డాను. నిజానికి అక్కడే అనుమానించాల్సింది.

ఇంటికి తెచ్చిన మూడు వారాలకి ఫ్లైఓవర్ ఎక్కుతుంటే ఇంజన్ రేజ్ అవుతోంది గానీ బండి ముందుకి లాగడం లేదు. వెనక లారీ హారన్, పక్కన మా నాన్న. ఆ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది. పాత కార్ల పనికి పేరున్న ఒక గ్యారేజీకి తీసుకెళ్లాను. గేర్‌బాక్స్ దింపి, క్లచ్ ప్లేట్ ఆయిల్‌లో నానిపోయిందని చూపించారు. వెనక సీల్ పోయింది, ఫారిన్ సీల్ తెప్పించి వేస్తామన్నారు. బిల్లు 19,500 రూపాయలు, అందులో సీల్‌కే 4,800. పాత సీల్ చూపించమంటే పారేశామన్నారు. నెల తిరక్కుండానే కారడం మొదటికంటే ఎక్కువైంది.

చివరికి విజయవాడ ఆటోనగర్‌లో ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాను. అంబాసిడర్ల మీదే జీవితం గడిపిన మిస్త్రీ. నేను "సీల్" అనగానే ఆయన తల అడ్డంగా ఊపి, "దీనికి సీలెక్కడిది బాబూ, చూపిస్తా ఉండు" అన్నారు. విప్పి చూస్తే వెనక క్యాప్ చుట్టూ సిలికాన్ పేస్టు దట్టంగా పూసి ఉంది. ఆయిల్ ఛాంబర్‌లోకి దిగాల్సిన దారి కూడా దానితోనే మూసుకుపోయింది. లోపలికి వెళ్లే దారి లేక ఆయిల్ మొత్తం క్లచ్ వైపు వస్తోంది. 4,800 పెట్టి నేను కొన్నది ఆ పేస్టే.

ఆయన ఇంకోటి చూపించారు. క్లచ్‌ని కప్పి ఉండే బెల్ హౌసింగ్ అడుగున ఒక చిన్న రంధ్రం ఉంటుంది. అది మట్టితో పూడిపోకుండా అందులో ఒక స్ప్లిట్ పిన్ను వదులుగా వేలాడుతూ ఉండాలి, బండి కదిలినప్పుడల్లా అది ఆడి రంధ్రాన్ని శుభ్రంగా ఉంచుతుంది. నా కారుకి పిన్ను లేదు, రంధ్రంలో ఎమ్‌సీల్ ముద్ద పెట్టి, పైన నల్ల రంగు వేశారు. కొనేవాడికి చుక్క కనబడకూడదని చేసిన పని అది. కింద పడాల్సిన ఆయిల్ లోపలే నిలిచి క్లచ్‌ని ముంచింది. ఆ ముద్ద మీది రంగు చూసినప్పుడు నాకు వచ్చినంత కోపం బిల్లు చూసినప్పుడు కూడా రాలేదు.

అసలు జబ్బు వేరే. పిస్టన్ రింగులు అరిగి పైనున్న గ్యాసు (బ్యాక్ కంప్రెషన్) కింద ఛాంబర్‌లోకి కొడుతోంది, ఆ గ్యాసు బయటికి పోయే బ్రీదర్ పైపు మడ్డితో మూసుకుపోయింది. ఆ ఒత్తిడికి మర గాడి ఏం ఆపగలదు? పైగా మెయిన్ బేరింగులు అరిగి షాఫ్ట్ అటూ ఇటూ ఆడుతోంది. రింగులు, బేరింగులు, క్లచ్ ప్లేట్ కొత్తవి వేసి, బ్రీదర్ శుభ్రం చేసి, ఆ పేస్టంతా గీకేశారు. ఇంకో 31,000 అయింది.

అందుకని కొనేముందు కారు కింద పడుకుని బెల్ హౌసింగ్ అడుగు చూడండి. పిన్ను వేలాడుతూ, ఆయిల్ తడి ఉంటే భయపడక్కర్లేదు. రంధ్రం మూసేసి ఉంటే మాత్రం బేరం ఆపేయండి. ఇంజన్ బాగా వేడెక్కాక ఆయిల్ పోసే మూత తీయండి, పొగ తోసుకుని వస్తుంటే రింగుల ఖర్చు మీ నెత్తినే. టాప్ గేర్‌లో నెమ్మదిగా పోతూ ఒక్కసారి యాక్సిలరేటర్ తొక్కితే క్లచ్ జారుతోందో లేదో తెలిసిపోతుంది. డిప్ స్టిక్ మీద ఆయిల్ పై గీత దాటి ఉన్నా వెనక నుంచి కారుతుంది. ఇంజన్ పక్కన ఉండే టాపెట్ కవర్ ప్యాకింగులు కూడా చూడండి, అక్కడ కారిన ఆయిల్ వెనక్కి పాకి సీల్ పోయినట్టే కనిపిస్తుంది. అది ప్యాకింగ్ మారిస్తే పోయే పని.

లేత్ పని చేయించి నిజంగానే రబ్బరు సీల్ పెట్టించామని ఎవరైనా అంటే, గేర్‌బాక్స్ దింపినప్పటి ఫొటోలు అడగండి. బిల్లులో ఉత్త "రియర్ మెయిన్ సీల్ ఛేంజ్డ్" అని ఉంటే దానికి ఒక్క రూపాయి కూడా ఎక్కువ కట్టకండి.

గ్యారేజీ వాళ్లు నాలుగుసార్లు తిరిగాక సీల్ డబ్బులు మాత్రం వెనక్కిచ్చారు. అమ్మినాయన ఫోన్ ఎత్తడం లేదు. కారు కింద ఇప్పుడు అట్టముక్క వేసి ఉంచుతున్నాను. పొద్దున్నే లేచి చూస్తే దాని మీద రెండో మూడో చుక్కలు ఉంటున్నాయి.