నొక్కితే వెలిగేవి: స్ట్రాన్షియం అల్యూమినేటా, జింక్ సల్ఫైడా?

చీకట్లో పంచదార పలుకు నలిపితే చిన్న మెరుపు వస్తుంది. పలుకు విరిగాక అంతే సంగతులు. విరక్కుండానే వెలిగేవాటిలో పోటీ ముఖ్యంగా స్ట్రాన్షియం అల్యూమినేట్, జింక్ సల్ఫైడ్ అనే ఈ రెండు రసాయన పదార్థాలదే.

యూరోపియం అనే లోహం కొద్దిగా కలిపిన స్ట్రాన్షియం అల్యూమినేట్‌ది ఆకుపచ్చ వెలుగు. కొద్దిపాటి ఒత్తిడినీ పట్టిస్తుంది. ఘనపదార్థంలో ఒత్తిడి ఎక్కడెంత ఉందో దీనితో నేరుగా చూడొచ్చని జపాన్ పరిశోధకులు 1999లో చూపారు. చిక్కల్లా, అది లోపల దాచుకున్న శక్తినే ఖర్చుపెడుతుంది. పదేపదే నొక్కితే మసకబారుతుంది, మళ్లీ కాంతి పట్టించాలి. పైగా తడికి పాడవుతుంది.

జింక్ సల్ఫైడ్‌కు ఆ ఛార్జింగ్ బెడద లేదు. మాంగనీస్ కలిపితే నారింజ రంగు, రాగి కలిపితే సాధారణంగా ఆకుపచ్చ. సిలికోన్ రబ్బరులో కలిపి సాగదీసిన ప్రతిసారీ వెలుగుతుంది. ఎందుకన్నదే ఇంకా తెగని వాదన: స్ఫటికంలో పుట్టే విద్యుత్తని కొందరు, రబ్బరుతో రాపిడని కొందరు.

నన్నడిగితే లోహంపై పూతకు మొదటిది, సాగే వస్తువుకు రెండోది.