కర్నూలు పెద్దాసుపత్రి దగ్గర ఒక సంఘం నడిపే భోజనశాల

మా చిన్నాన్న తుంటి ఎముక విరగడంతో కర్నూలు పెద్దాసుపత్రిలో చేర్పించి, ఆయన వెంట నేను తొమ్మిది రోజులు ఉన్నాను. రోగికి వార్డులోనే భోజనం వస్తుంది; ఆదోని, ఆలూరు, పత్తికొండ వైపు నుంచి వచ్చి వరండాలో చాప పరచుకొని పడుకునే బంధువుల ఆకలి మాత్రం ఎవరి లెక్కలోకీ రాదు. అటువంటివారి కోసం ఒక క్రైస్తవ సంఘం ఆసుపత్రికి కాలినడక దూరంలో ఉచిత భోజనశాల నడుపుతోంది. పేరు రాయవద్దని నిర్వాహకులు కోరారు కనుక రాయడం లేదు.

మధ్యాహ్నం అన్నం, పప్పు, ఒక కూర, మజ్జిగ. రాత్రి జొన్నరొట్టె, చెనక్కాయల పొడి. రొట్టె మెత్తగా, వేడిగా ఉంటుంది. కూర మాత్రం తొమ్మిది రోజుల్లో ఆరు రోజులు వంకాయే.

అయితే నేను ముఖ్యంగా గమనించినది రుచిని కాదు. అక్కడ కులమడగరు, మతమడగరు, ఫొటో తీయరు. వడ్డించేవారు వంటింట్లోనే ప్రార్థన ముగించుకొని వస్తారు తప్ప, ఆకలితో ఉన్నవాడిని పళ్లెం పట్టుకొని కళ్లు మూసుకొని నిలబడమనరు. కోసిగి వైపు నుంచి వచ్చిన ఒక అవ్వ, కొడుకులు మిరపకోతల సుగ్గికి గుంటూరు వెళ్లిపోగా, భర్త మంచం వదిలి రాలేక రెండు పూటలు పస్తులున్న సంగతి నేనే వాళ్లకు చెప్పాను. ఆ సాయంత్రం నుంచి క్యారియర్ వార్డుకే వచ్చింది. తెచ్చిన అబ్బాయి ఆమె తిన్నంతసేపు ముసలాయన పక్కన కూర్చొని, ఖాళీ గిన్నెలు తానే కడిగి తీసుకుపోయాడు. దిక్కులేని పిల్లలను, విధవరాండ్రను వారి ఇబ్బందిలో పరామర్శించడమే పవిత్రమైన భక్తి అని బైబిల్లోని యాకోబు పత్రిక మొదటి అధ్యాయం చెబుతుంది. ఆ వచనం మీద ప్రసంగాలు చాలా విన్నాను. మా సంఘంలో నిరుడు కానుకల్లో ఎక్కువ భాగం మైకుసెట్టుకూ నేల బండలకూ పోయింది.

అన్నం పెట్టడం క్రైస్తవుల సొత్తని నేననడం లేదు. 1866 కరువులో గంజి పోసి ప్రాణాలు నిలబెట్టిన ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి ఈ సీమవాడే. కానీ విశ్వాసమున్నదని చెప్పుకొనేవాడి దగ్గర ఈ పని కనబడకపోతే ఆ మాటను నమ్మడం కష్టం.

పెద్ద లోపం ఒకటుంది: ఆదివారం మధ్యాహ్నం పొయ్యి వెలగదు. వడ్డించేవారంతా ఆరాధనకు వెళతారట. ఆసుపత్రికి ఆదివారం సెలవు లేదు, ఆకలికి అసలే లేదు. రోజూ భోజనం పంచే పరిచర్యలో తమ విధవరాండ్రను చిన్నచూపు చూస్తున్నారని ఆది సంఘంలోనే గ్రీకు భాష మాట్లాడేవారిలో సణుగుడు పుట్టిందనీ, దానికి యేసు శిష్యులైన అపొస్తలులు నొచ్చుకోక ఏడుగురిని ఏర్పరచే ఏర్పాటు చేశారనీ అపొస్తలుల కార్యముల ఆరవ అధ్యాయంలో ఉంది. కాబట్టి ఈ ఫిర్యాదును నిర్వాహకులకు మొహమాటం లేకుండానే చెప్పాను. మనుషులు చాలడం లేదని వారు దాపరికం లేకుండా ఒప్పుకొన్నారు.

వెళ్లదలచినవారు పన్నెండున్నరలోపే వెళ్లి టోకెన్ తీసుకోవడం, పళ్లెం వెంట ఉంచుకోవడం మంచిది. నెలకొక ఆదివారం మా సంఘం నుంచి నలుగురం వచ్చి వండుతామని వారికి మాటిచ్చి వచ్చాను. మా సంఘం పాస్టరు అయ్యగారు ఇంకా ఒప్పుకోలేదు.