పళ్లు తెల్లబడటం ఒక్క పూటలోనా, రెండు వారాల్లోనా?

నేను క్లినిక్‌లో ఒకే సిట్టింగ్‌లో చేయించుకున్నాను. గంటన్నరలో పనైపోయింది. ఆ రాత్రి కుండలో నీళ్లు ఒక్క గుక్క తాగానో లేదో, ముందుపన్ను కరెంటు షాక్ కొట్టినట్టు జివ్వుమంది. మజ్జిగ కూడా గోరువెచ్చగా చేసుకుని తాగాను. మూడో రోజుకి తగ్గింది.

కారణం మందు ఘాటు. క్లినిక్ జెల్‌లో పళ్లను తెల్లబరిచే మందు, హైడ్రోజన్ పెరాక్సైడ్, 25 నుంచి 40 శాతం దాకా ఉంటుంది. అది పంటి పైపొర ఎనామిల్ దాటి లోపలి నరం దాకా చేరుతుంది. రెండు వారాల పద్ధతిలో, డాక్టర్ పళ్ల కొలత తీసి ఇచ్చే ట్రేలో (పళ్లకు తొడుక్కునే తొడుగు) ఇంట్లోనే రాత్రిపూట వేసుకునే జెల్ సాధారణంగా 10 శాతం కార్బమైడ్ పెరాక్సైడ్. అంటే హైడ్రోజన్ పెరాక్సైడ్ లెక్కలో సుమారు 3.5 శాతమే. దాంతోనూ కొందరికి జివ్వుమంటుంది, కానీ ఒక రాత్రి మానేసి మళ్లీ మొదలుపెట్టొచ్చు. క్లినిక్‌లో ఆ వీలుండదు.

పెళ్లి వచ్చే వారమే ఉంటే క్లినిక్కే దారి. చిగుళ్లు జారి పంటి వేళ్లు బయటపడ్డవాళ్లకు మాత్రం నేను ట్రేనే చెప్తాను. ఏది ఎంచుకున్నా, వీలైతే రెండు వారాల ముందు నుంచే, జివ్వుమనడం తగ్గించే పొటాషియం నైట్రేట్ ఉన్న పేస్ట్‌తో తోముకోండి. పుచ్చుపన్ను ఉంటే ముందు దాన్ని నింపించుకోండి.