ఐదేళ్లుగా ద్రవాల మీద కార్స్: వాడినవాడి మాట

ద్రవాల్లో అణువుల కంపనాలు చూడటానికి ఐదేళ్లుగా మా ల్యాబ్‌లో కార్స్ వాడుతున్నాను. పూర్తి పేరు కోహెరెంట్ యాంటీ-స్టోక్స్ రామన్ స్కాటరింగ్. రెండు లేజర్ పల్స్‌లు (అతి చిన్న కాంతి తునకలు) కలిసి అణువులను ఒకే లయలో ఊపుతాయి, ప్రోబ్ అనే మూడోది ఆ కంపనాన్ని తాకి కొత్త రంగు కాంతిగా సిగ్నల్‌నిస్తుంది. ఈ సెటప్ పెట్టుకోవాలా వద్దా అని అడిగే జూనియర్ల కోసం ఇది రాస్తున్నాను.

ముందుగా సిగ్నల్ గురించి. మామూలు రామన్‌లో (ఒకే లేజర్ కాంతి అణువులకు తగిలి రంగు మారడాన్ని కొలిచే పద్ధతి) కాంతి అన్ని వైపులా చెదిరిపోతుంది, మన లెన్స్‌కు దక్కేది కొంచెమే. ఇక్కడ చతురస్రం మూడు మూలల నుంచి మూడు కిరణాలను బెంజీన్ ఉన్న క్యూవెట్‌లో (చిన్న గాజు పాత్రలో) కలిపితే, సిగ్నల్ నాలుగో మూలన విడిగా బయటికొస్తుంది. కార్డు మీద ఆ నాలుగో చుక్క మొదటిసారి కనబడేసరికి రాత్రి రెండు దాటింది. నిద్ర ఎగిరిపోయింది! బెంజీన్ వలయం ఊపిరి తీసినట్టు ఉబ్బి తగ్గే కంపనం 992 వేవ్‌నంబర్ల (సెంటీమీటరుకు ఎన్ని తరంగాలో చెప్పే కొలత) దగ్గరుంటుంది. ప్రోబ్ 800 నానోమీటర్లయితే సిగ్నల్ 741 దగ్గర వస్తుంది. ఫ్లోరెసెన్స్ (శాంపిల్ తానే వెలిగి సిగ్నల్‌ని ముంచేసే కాంతి) బెడద దాదాపు ఉండదు.

అసలు తలనొప్పి నాన్‌రెజొనెంట్ బ్యాక్‌గ్రౌండ్. కంపనంతో సంబంధం లేకుండా ద్రవమూ, క్యూవెట్ గాజూ కూడా అదే రంగు కాంతినిస్తాయి, పీక్ (గ్రాఫ్‌లో కంపనాన్ని చూపే శిఖరం) వంకరపోతుంది. మొదటి ఏడాది గాజు సిగ్నల్‌ని శాంపిల్‌దనుకుని మూడు వారాలు పోగొట్టుకున్నాను. దీనికి మందు ప్రోబ్‌ను ఆలస్యంగా పంపడమే. పల్స్‌లు ఒకదానిమీదొకటి పడినంతసేపే బ్యాక్‌గ్రౌండ్ ఉంటుంది, కంపనం మాత్రం ఇంకొన్ని పికోసెకన్లు (పికోసెకను అంటే సెకనులో లక్షకోట్లోవంతు) నిలుస్తుంది. డిలే స్టేజ్‌ని (ప్రోబ్ దారి పొడవు మార్చే కదిలే అద్దాల బల్లని) 0.3 మిల్లీమీటర్లు జరిపితే, పోనూ రానూ కలిపి 2 పికోసెకన్ల ఆలస్యం. అంతే, పీక్ నిటారుగా నిలబడుతుంది.

నాకు బాగా ఇష్టమైన శాంపిల్ పిరిడిన్ (బెంజీన్ లాంటి వలయమున్న ద్రవం), వాసన భరించలేకపోయినా. ప్రోబ్‌ని కూడా ఫెమ్టోసెకన్లకు (పికోసెకనులో వెయ్యోవంతులకు) కుదిస్తే, 991, 1030 దగ్గరున్న రెండు కంపనాలు శ్రుతి కలవని రెండు తీగల్లా కలిసి, దాదాపు 0.85 పికోసెకన్లకోసారి సిగ్నల్‌ని పైకీ కిందికీ ఊపుతాయి. నీళ్లు కలిపేకొద్దీ హైడ్రోజన్ బంధం వల్ల 991 పీక్ పైకి జరుగుతుంది, ఆ ఊపు నెమ్మదిస్తుంది.

పీక్ ఎక్కడుందో తెలిస్తే చాలనుకునేవాళ్లకు మామూలు రామన్ చాలు, ఇంత ఖర్చు వద్దు. పలుచని ద్రావణాలకూ ఇది నప్పదు: సిగ్నల్ గాఢత వర్గం లెక్కన పడిపోతుంది, పదిరెట్లు పలుచన చేస్తే వందోవంతే మిగులుతుంది. ఏసీ రెండు డిగ్రీలు అటూఇటూ అయినా అలైన్‌మెంట్ కదిలి టెన్షన్ పెడుతుంది. కంపనం ఎంతసేపు నిలుస్తుందో, పక్క అణువు దాన్ని ఎలా చెదరగొడుతుందో చూడాలంటే మాత్రం నేను మళ్లీ దీన్నే ఎంచుకుంటాను. ఈ నెల పిరిడిన్‌లో నీటి శాతం పెంచుకుంటూ ఆ ఊపునే కొలుస్తున్నాను.